మెరవకూడని మూత

లాప్‌టాప్ మూత నల్లగా ఉంటే చాలదా, అందులో మళ్ళీ చూసేదేముంది అంటారు తెలియనివాళ్ళు. అలా అన్నవాళ్ళను కళ్ళక్క జాలిగా చూసేది, పాపం రెండు కళ్ళూ ఉండి వీళ్ళకేం లాభం అన్నట్టు. ఆ ఫ్యాక్టరీలో మూతలకు వేసే నలుపులే నాలుగు. నీలం కలిసినది ఒకటి, కాఫీ ఛాయ తిరిగినది ఒకటి, అద్దంలా మొహం కనపడేది ఒకటి. నాలుగోదాన్ని మబ్బు నలుపు అనేవారు. దానికి మెరుపు ఉండకూడదు. దీపం కింద పెడితే వెలుగును తాగేసి ఊరుకోవాలి తప్ప తిరిగి మన మొహాన కొట్టకూడదు. కొనే కంపెనీవాళ్ళు ఆ మ్యాట్ ఫినిష్ కోసమే ఏరికోరి ఈ ఫ్యాక్టరీకి ఆర్డరిచ్చారు.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పదకొండేళ్ళుగా చూడ్డమే ఉద్యోగం కాబట్టి కళ్ళక్క అయింది. నల్ల తెరలు కట్టిన చిన్న గది. అందులో మూడు దీపాలు, ఒకటి ఎండలా, ఒకటి దుకాణంలో వెలుగులా, ఒకటి ఇంట్లో బల్బులా. కట్టుకున్న బట్టల రంగు మూత మీద పడి కన్నును మోసం చెయ్యకుండా పైన బూడిద రంగు కోటు. ఎడమచేతిలో నమూనా పలక, కుడిచేతిలో కొత్తగా రంగు ఆరిన మూత. రెంటినీ పక్కపక్కన పెట్టి, మూడు దీపాల కిందా అటూ ఇటూ వంచి చూసి, "పోనివ్వు" అనో "ఆపు" అనో అనాలి. ఆవిడ ఆపు అందంటే రంగు కొట్టే యంత్రం ఆగాల్సిందే. మేనేజరు కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

నమూనా పలక అంటే కొనే కంపెనీ సంతకం చేసి పంపిన అరచేతి వెడల్పు ముక్క. రెండేళ్ళుగా మబ్బు నలుపుకు అదే ప్రమాణం. పై అంచున వెడల్పాటి ఇనుప క్లిప్పు, దానికి వేలాడే చీటీ. నల్లగుడ్డ సంచిలో, తాళమున్న సొరుగులో ఉండేది. కళ్ళక్క రోజూ పని మొదలెట్టే ముందు దాన్ని తీసి మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేది. తుడవమని ఎవరూ చెప్పలేదు. వద్దనీ ఎవరూ చెప్పలేదు. దుమ్ముంటే తీర్పు తప్పుతుందని ఆవిడ నమ్మకం. పసిపిల్ల మొహం తుడిచినంత ఓపిగ్గా తుడిచేది.

కింద అంతస్తులో రంగుల మేస్త్రి ఉండేవాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గోళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగానే. రంగులో మెరుపు చంపే పొడి కలపడం ఆయన చేతుల్లో ఉంది. పొడి ఎక్కువైతే మూత దుమ్ము కొట్టినట్టు పాలిపోతుంది, తక్కువైతే మెరుస్తుంది. కళ్ళక్క మెట్ల మీద నుంచి వంగి "బాబాయ్, ఇవాళ కాస్త పాలిపోయినట్టుంది" అనేది. ఆయన తర్వాతి డబ్బాలో అర గరిటె తగ్గించేవాడు. ఎంత వేశాడో పుస్తకంలో రాసుకునేవాడు. ఎందుకు తగ్గించాడో రాసేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కదా, రాయడమెందుకు.

సోమవారం ఉదయం మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిపించాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చేతి గడియారం చూసుకునే అలవాటు ఆయనకి, అందుకని వెనకాల అందరూ గడియారం సార్ అనేవారు. ఆ రోజు గడియారం చూడలేదు. అప్పుడే కళ్ళక్కకి ఏదో తేడాగా అనిపించింది.

"ఎనిమిది వేల మూతలు వెనక్కొస్తున్నాయి" అన్నాడు. "మెరుస్తున్నాయట. కీబోర్డు వైపు ముక్క వేరే ఫ్యాక్టరీలో చేస్తారు, అది మ్యాట్‌గానే ఉంది. రెండూ కలిపి బిగిస్తే ఒక సామానులా లేదట."

"అదెలా సార్?" అన్నాడు మేస్త్రి.

"ఎలాగో మీరే చెప్పాలి." మేనేజరు మేస్త్రి పుస్తకం తెరిచి ఆయన ముందుకి తోశాడు. "రెండేళ్ళ క్రితం డబ్బాకి పద్దెనిమిది గరిటెలు. ఇప్పుడు పదకొండు. స్టోరు నుంచి మాత్రం పద్దెనిమిది లెక్కనే తెచ్చుకుంటున్నారు. ఆ పొడి ఎంత ఖరీదో నాకూ తెలుసు, మీకూ తెలుసు. మిగిలిందంతా ఎటు పోతోంది?"

మేస్త్రికి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడ దాకా ఎర్రబడ్డాడు. "మిగిలింది తడికి గడ్డకడితే పారబోస్తాం సార్. అది ఆరు వారాలకి మించి నిలవుండదు. దొంగతనం అంటారా నన్ను? పాలిపోయిందని అమ్మాయి అంటేనే తగ్గించాను. అడగండి, ఎదురుగానే ఉంది."

మేనేజరు కళ్ళక్క వైపు తిరిగాడు. "పొడి తగ్గించమని మీరు చెప్పారా?"

ఎందుకలా అందో ఆవిడకే తెలీదు. నోటికి తోచింది అనేసింది. "రంగు సంగతి చెప్తాను గానీ, పొడి ఎంత వెయ్యాలో నేనెందుకు చెప్తాను సార్. నమూనాకి సరిపోయిందా లేదా, అంతే నా పని."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. మేస్త్రి ఆవిడ వైపు చూశాడు. కోపంగా కూడా కాదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. గురువారం కొనే కంపెనీ మేడమ్ తనిఖీకి వస్తుందనీ, అప్పటిదాకా మేస్త్రి ఇంట్లో ఉండాలనీ, పోలీసుల దాకా పోకుండా ఉండాలంటే ఈలోగా తప్పు ఒప్పుకుని కాగితం రాసివ్వడం మంచిదనీ మేనేజరు చెప్పాడు.

కళ్ళక్క తన గదికొచ్చి తెర వేసుకుంది. సొరుగు తీసి పలక బయటికి తీసింది. ముందుగా వెనక్కొచ్చిన మూతల్లో ఒకటి పక్కన పెట్టి మూడు దీపాల కిందా చూసింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకుంటూ పలకను సంచిలో పెట్టబోతుంటే ఇనుప క్లిప్పు కొద్దిగా జారింది.

క్లిప్పు కింద ఒక పట్టీ బయటపడింది. చిటికెన వేలంత వెడల్పు. అది పొడిగా, నిదానంగా, మెరుపన్నది లేకుండా మబ్బులా ఉంది. దాని కింద మిగతా పలకంతా సన్నగా నిగనిగలాడుతోంది.

కళ్ళక్క కూర్చుండిపోయింది. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకి ఒక్క చూపులో తెలిసిపోయింది. గుడ్డ తగలని చోట రంగు రెండేళ్ళ క్రితం ఎలా ఉందో అలాగే ఉంది. గుడ్డ తగిలినంత మేరా నున్నబడింది. తను తుడిచింది దుమ్ము కాదు. రోజుకింత, రోజుకింత, మ్యాట్‌ను అరగదీసి మెరుపు తెప్పించింది. మెరిసే పలక పక్కన మంచి మూతలు పాలిపోయి కనపడ్డాయి. బాబాయ్, పాలిపోయింది అని తను అంటూ పోయింది, ఆయన తగ్గిస్తూ పోయాడు.

*

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మణికట్టు విరిగి మూడో నెల, ఇంకా కట్టు విప్పలేదు. ఇంటికి ఆధారం ఆవిడ జీతమే. ఒంటిచేత్తో బట్టలు మడతపెడుతూ అంతా విన్నాడు.

"ఎవరైనా చూశారా ఆ పట్టీ?"

"లేదు. నేనే చూశా."

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళకి నేను మొట్టమొదట ఏం చెప్తానో తెలుసా? దేవుడి పేరు తర్వాత తలుచుకోండి, ముందు ఏ బటనూ నొక్కకండి అంటా. నువ్వూ నొక్కకే."

"మేస్త్రిని దొంగంటున్నారండీ."

"తేలుతుందిలే. చెయ్యనివాడి మీద ఎలా రుజువవుతుంది?" అన్నాడు గానీ, ఆ మాట ఆయనకే నమ్మకంగా తోచలేదు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "ఎనిమిది వేల మూతలు. నువ్వని తెలిస్తే ఇక్కడే కాదు, ఇంకెక్కడా పని దొరకదు. నన్ను తిట్టుకో పర్లేదు. నాకు భయంగా ఉందే."

భయం ఇద్దరిదీ అయింది. మంగళవారం బస్సులో ఎవరు తన వైపు చూసినా తెలిసిపోయిందేమో అనిపించింది. మేనేజరు గది తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడింది. మధ్యాహ్నం ఒక మూత చేతిలో పట్టుకుని, పోనివ్వు అనాలో ఆపు అనాలో తెలియక అలాగే నిలబడిపోయింది. బయట యంత్రం దగ్గర కుర్రది "ఏంటక్కా, నిద్రపోయావా?" అని నవ్వితే, "పోనివ్వు" అనేసింది. పదకొండేళ్ళలో చూడకుండా చెప్పిన మొదటి మాట అది.

బుధవారం ఉదయానికి ఒకటే ఆలోచన మిగిలింది. రేపు మేడమ్ వస్తుంది. పలక అడుగుతుంది. క్లిప్పు తీసి చూస్తే?

తెర వేసుకుని లోపల గడియ పెట్టింది. క్లిప్పు ఊడదీసింది. గుడ్డను బొటనవేలికి చుట్టుకుని పట్టీ మీద రుద్దడం మొదలెట్టింది. ఎన్నాళ్ళుగానో ప్రేమగా చేసిన పనే, ఇప్పుడు మాత్రం తలుపు వైపు చూస్తూ చేసింది. ఓ చివరి నుంచి ఇంకో చివరికి, మళ్ళీ వెనక్కి. పది నిమిషాలు పట్టింది. మబ్బు పట్టీ నెమ్మదిగా నిగ్గు తేలి మిగతా పలకలో కలిసిపోయింది. ఇంటి దీపం కింద వంచి చూసింది. అతుకు కనపడలేదు. అదీ ఆవిడ పనితనం! తల్లీ, ఎంత బాగా చేశావే అని తనను తానే ఛీకొట్టుకుంది. కొట్టుకుంటూనే క్లిప్పు పెట్టేసింది.

మంచినీళ్ళు తాగుదామని కిటికీ దగ్గరికి వచ్చేసరికి కింద గేటు దగ్గర మేస్త్రి కనపడ్డాడు. బీరువాలో ఉన్న తన సామాను తీసుకుపోవడానికి వచ్చినట్టున్నాడు. చేతిలో పాత సంచి. రోజూ ఆయనతో కలిసి టీ తాగే గేటు మనిషి సంచిలోవన్నీ బల్ల మీద పరిచాడు. ముతక చొక్కా, చెప్పులు, కళ్ళజోడు పెట్టె. భోజనం డబ్బా మూత తీసి లోపల వేలు పెట్టి చూశాడు, వేలి చివర పొడి అంటుకుందేమోనని వెలుగులో పెట్టి మరీ చూశాడు. తర్వాత ఏదో అన్నాడు. మేస్త్రి రెండు చేతులూ పైకెత్తాడు. గేటు మనిషి చంకల కింద, నడుం చుట్టూ, పాదాల దాకా తడిమాడు. లోపలికొచ్చే లారీ వాళ్ళూ, బయటికెళ్ళే ఆడవాళ్ళూ చూస్తూ పోయారు. తడమడం అయిపోయినా ఇక దించొచ్చని ఎవరూ అనకపోవడంతో ఆయన చేతులు కాసేపు అలాగే పైన ఉన్నాయి.

కళ్ళక్క కిటికీ దగ్గర్నుంచి పక్కకి తప్పుకుంది. ఆయన తల ఎత్తితే తను కనపడుతుందని భయం.

*

గురువారం పదిగంటలకి మేడమ్ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గొంతు పెంచదు, చేతులకి తెల్లటి నూలు తొడుగులు. మేనేజరు ఆమెను నల్ల తెరల గదికి తీసుకొచ్చాడు. ముగ్గురికి చోటు చాలక కళ్ళక్క గోడకి ఆనుకుని నిలబడింది.

మేడమ్ తన పెట్టెలోంచి పలక తీసింది. కళ్ళక్క దగ్గరున్న దానికి తోడుది, ఒకే రేకులోంచి కోసిన రెండు ముక్కల్లో రెండోది. రెంటినీ పక్కపక్కన పెట్టి దీపం వేసింది. ఇంక మాట్లాడ్డానికేం లేదు, పుట్టుగుడ్డికైనా తెలిసేంత తేడా.

"మీ పలక మెరుస్తోందేంటి?" అంది మేడమ్.

కళ్ళక్క కళ్ళు క్లిప్పు మీదికి పోయాయి.

మేడమ్ క్లిప్పు ఊడదీసింది. పలకంతా తిప్పి తిప్పి చూసింది. "వాడకం వల్ల అరిగితే క్లిప్పు కిందైనా అసలుది మిగలాలి. ఇది చివరి దాకా ఒక్కలాగే మెరుస్తోంది. ఇది మేం పంపింది కాదు. ఎవరో ఇంకోటి తయారుచేసి మా చీటీ తగిలించారు."

మేనేజరు మొహంలో వెలుగొచ్చింది. "అదీ సంగతి! పొడి కాజేసి, అది బయటపడకుండా నమూనానే మార్చేశాడన్నమాట. రంగు చేతిలో ఉన్నవాడికి అదెంత పని. నేనింకా పొడి వరకే అనుకున్నా మేడమ్."

"సంతకం ఉన్న నమూనాకి నకిలీ చెయ్యడం చిన్న విషయం కాదు" అంది మేడమ్. "పోలీసులకి ఇవ్వాల్సిందే. ఆయన అడ్రసు ఇవ్వండి, రాసుకుంటాను."

పట్టీ ఉంటే తన పని పోయేది. పట్టీ లేకపోబట్టి ఆయన జైలుకి పోతున్నాడు. తను చేసిన పది నిమిషాల పనికి అంత బలం ఉందని ఆవిడ అనుకోలేదు. చెప్పు, చెప్పవే అనుకుంది. మేడమ్ పెన్ను తీసింది. మేనేజరు అడ్రసు చెప్తున్నాడు, వీధి చెప్పాడు, ఇంటి నంబరు వెతుక్కుంటున్నాడు.

నోరు కదలకపోయినా చెయ్యి కదిలింది. బల్ల మీద ఉన్న మేడమ్ పలకను కళ్ళక్క తీసుకుంది. జేబులో గుడ్డ తీసి బొటనవేలికి చుట్టింది. పలక మధ్యలో వేలు ఆనించి బలంగా రుద్దింది.

"ఏయ్! ఏం చేస్తున్నారు?" మేడమ్ గొంతు మొదటిసారి పెరిగింది.

"మతిపోయిందా నీకు? ఇటివ్వు!" మేనేజరు చెయ్యి చాచాడు. కళ్ళక్క గోడ వైపు తిరిగిపోయి వీపు అడ్డం పెట్టి రుద్దుతూనే ఉంది. అరిచారు. భుజం పట్టి లాగారు. వేలు మండిపోతోంది. ఎంతసేపు రుద్దిందో తెలీదు, మేనేజరు మణికట్టు పట్టుకుని విదిలించేసరికి పలక బల్ల మీద పడింది.

పలక నడుమ బొటనవేలంత మేర నిగనిగలాడుతోంది.

కళ్ళక్క దీపం మీట నొక్కింది, ఎండ, దుకాణం, ఇల్లు. మూడింటి కిందా ఆ మచ్చ మెరిసింది.

"నకిలీ కాదు మేడమ్" అంది. "మీరు పంపిందే. రెండేళ్ళు రోజూ తుడిచాను. నేనే అరగదీశాను. మొన్న సోమవారం దాకా నాకే తెలీదు, ఒట్టు. క్లిప్పు కింద అసలుది మిగిలే ఉంది. నిన్న దాన్నీ రుద్దేశాను, ఎవరూ చూడకూడదని. మేస్త్రికి నేనే చెప్పాను, పాలిపోయింది, పాలిపోయింది అని. నేను చెప్పినట్టు చేశాడాయన."

మేడమ్ రెండు పలకలూ దగ్గరికి లాక్కుంది. మచ్చనూ పాత పలకనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. రెండు మెరుపులకీ తేడా లేదు.

"రోజూ ఎందుకు తుడిచారు?" అని అడిగింది.

"శుభ్రంగా ఉండాలని."

మేడమ్ రాసుకున్న అడ్రసు మీద గీత కొట్టేసింది. "తుడవకూడదని మేం కూడా చీటీ మీద రాయలేదు" అని మేనేజరుతో అంది. "కానీ ఈవిడ ఇంక ఈ గదిలో ఉండడానికి వీల్లేదు." మేనేజరు గడియారం చూసుకున్నాడు. రాజీనామా కాగితం అరగంటలో వచ్చింది. కళ్ళక్క సంతకం పెట్టి, కోటు విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచింది.

జీతం లెక్కలన్నీ తేల్చుకుని నాలుగింటికి బయటికొచ్చేసరికి గేటు అవతల బెంచీ మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఫోను చేసి పిలిపించారట, లోపల్నుంచి కబురొచ్చేదాకా అక్కడే కూర్చోమన్నారట. కళ్ళక్క ఆయనకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"బాబాయ్, నన్ను క్షమించు."

"క్షమించానని అనను" అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "నాలుగు రోజులు. నా కూతురు మొహం కూడా చూళ్ళేకపోయాను. నువ్వు సోమవారమే ఒక్క మాట అనుంటే."

"నిజమే."

లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము అణిగేదాకా ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నాకు ఏడాది కిందటే కనపడింది అమ్మాయ్, మూతలు మెరుస్తున్నాయని."

కళ్ళక్క తల తిప్పి చూసింది. "కనపడిందా? మరి చెప్పలేదేం బాబాయ్?"

"ఏమని చెప్పను? మెరుస్తోందే అంటే, ముసలాడికి చూపు తగ్గింది, ఇంటికి పంపండి అంటారు. నువ్వా, కళ్ళక్కవి. నీ కన్నుకి పేరుంది. నా కంటికి కళ్ళజోడుంది." నవ్వబోయాడు గానీ రాలేదు. "భయపడ్డాను. భయపడి అర గరిటె, అర గరిటె తగ్గిస్తూ పోయాను."

ఆవిడకి ఒళ్ళు మండింది. ఏడాది కిందట! ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఈయన మెట్లెక్కొచ్చి అనుంటే ఇంత జరిగేదా? అడిగేద్దామని నోరు తెరిచింది. సోమవారం మేనేజరు గదిలో తెరవాల్సిన నోరు కదా ఇది అని తోచి మూసేసుకుంది.

"అందరి ముందూ మేడమ్ పలక లాక్కున్నావటగా" అన్నాడు ఆయన. "గేటు దగ్గర చెప్పారు. భయం వెయ్యలేదూ?"

"అప్పుడు తెలీలేదు" అంది కళ్ళక్క. "ఇప్పుడు వేస్తోంది."

నిజంగానే వేస్తోంది. రేపు పొద్దున్న ఎక్కడికి వెళ్ళాలో తెలీదు, ఇంటికెళ్ళి కట్టు కట్టుకున్న మనిషికి ఏమని చెప్పాలో తెలీదు. చేతులు వణకడం మొదలెట్టాయి. ఎంత బిగబట్టినా ఆగలేదు.

మేస్త్రి ఆ చేతుల్ని చూశాడు. పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, బెంచీ చివరికి జరిగాడు.

"కూర్చో" అన్నాడు. "నన్ను పిలిచేదాకా కూర్చో."